బోధన్ పెంకుల మీది పాలపన్ను

పోయిన వారం నిజామాబాద్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గర కట్టుడు పన్ను ధర తగ్గించమని అలవాటు కొద్దీ బేరమాడుతూ, ఈ ఖాళీ నాకెట్లా వచ్చిందో ఆమె చెబితే బేరంలో నేనూ ఒక మెట్టు దిగుతానన్నాను. ఆమె నవ్వలేదు. ఆ పంటి మొలక నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడే కట్టుకోలేదని, పాలపన్ను ఊడేనాటికి దాని కింద ఏమీ లేదని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఎప్పుడో పోయిన మా నాయనమ్మ మీద.

మన కాలం వాళ్లకు తెలుసు, కొత్తది రావాలని ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరేవాళ్లం. అన్నా నేనూ కవలలం, అచ్చు గుద్దినట్టు ఒకటే. మా బట్టల దుకాణంలో గల్లా పెట్టె దగ్గర కూర్చునే నాయనమ్మ ఒకరి తప్పుకు ఇంకొకరిని కొట్టేది. అన్న పన్ను మా ఇంటి మీదే పడింది. నాది సెలవుల్లో బోధన్‌లో చెరుకు నములుతుంటే ఊడింది, అమ్మ దాన్ని తన తల్లిగారింటి పెంకుల మీద వేయించింది. అన్నకు కొత్త పన్ను వచ్చింది, నాకు రాలేదు. ఒకే తాను ముక్కలం కనుక తేడా ఇంటి కప్పులోనే ఉందని నాయనమ్మ తేల్చేసింది.

“పాతది బోధన్ల ఇచ్చి కొత్తది నిజామాబాద్ల అడిగితే ఎవడిస్తడే? మాల్ యాడ వాపస్ ఇస్తే ఆడనే మారుస్తరు,” అని దుకాణం నిండా గిరాకి ఉండగా అమ్మతో అన్నది. అందరూ నవ్వారు. ఆమె కొడుకు, మా బాపు, బట్ట కొలుస్తూ తల ఎత్తలేదు. ఆనాటి నుంచి అమ్మకు తల్లిగారింటి దారి బంద్. పండగకు తోలుకపోతానని మేనమామ వస్తే, ఈసారి ఏం పారేసి వస్తుందోనని నాయనమ్మ గడపలోంచే తిప్పి పంపేది. బోధన్ బస్సు మా దుకాణం ముందు నుంచే పోయేది. అమ్మమ్మ పోయినప్పుడు గానీ అమ్మ అది ఎక్కలేదు.

ఈ కథంతా చెప్పి, కవలలమైతే నాకే ఎందుకు, మా అమ్మ ఏం చేసిందని డాక్టరమ్మను నిలదీశాను. జన్యువులు ఒకటే అయినా, వాటిలో ఏది ఎప్పుడు పనిచేయాలో చెప్పే గుర్తులు ఒక్కో బిడ్డలో ఒక్కో తీరుగా పడతాయట, అదేదో ఎపిజెనెటిక్స్ అట. నా మొహం చూసి దుకాణం భాషలోకి దిగింది.

“ఇద్దరి దుకాణంల సరుకు ఒక్కటే అంకుల్, మీ దాంట్ల ఒక షట్టర్ లేవలే. గట్లనే అయిందని పక్కా చెప్పలేం గని, మీ అమ్మ పన్ను బోధన్ల ఏయించినందుకు మాత్రం కాదు.”

బేరం మరిచి, అడిగినంతా ఇచ్చి బయటికొచ్చాను. నాయనమ్మ ఉంటే దానికీ అమ్మనే తిట్టేది.

ఇప్పుడు అన్న పళ్లన్నీ ఊడి, కట్టుడు పళ్ల సెట్టు పెట్టించుకున్నాడు. బోధన్‌లో ఆ పెంకుటిల్లు కూల్చి స్లాబు వేశారు. మా మనవలు ఊడిన పన్నును టిష్యూలో చుట్టి చెత్తబుట్టలో వేస్తున్నారు, అందుకు ఎవరి తల్లినీ ఎవరూ అడగడం లేదు. మంచిదే. నాయనమ్మను క్షమించే వయసు వచ్చిందని ఇంట్లో అంటారు, నాకు రాలేదు. కొత్త పన్ను బిగించాక నాలుకకు ఆ ఖాళీ దొరకడం లేదు. అమ్మ ఎక్కని బస్సులు మాత్రం ఇప్పటికీ మా దుకాణం ముందు నుంచే బోధన్ పోతున్నాయి.