అమ్మను పిలిచిన గొంతు

మొన్న అమ్మ తద్దినానికి వచ్చిన కొత్త పంతులుగారు "కర్త ఎవరండీ?" అని మామూలుగానే అడిగారు. "నేనే" అనడానికి నాకు కాస్త సమయం పట్టింది. మా ఆవిడ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

మాదన్నపేటలో మాది బియ్యం దుకాణం. బస్తాలు దించే నలుగురు హమాలీల్లో పెద్దవాడు పాలమూరు నుంచి వచ్చినవాడు. ఒక బస్తా చిరిగితే నేను ఇల్లు మునిగినట్టు లొల్లి చేసేవాణ్ణి. అతను అక్కడే కూర్చుని గింజలన్నీ చేటలోకి ఎత్తేవాడు. ఇరవై ఏళ్లలో అతని ఇల్లెక్కడో అడగాలని నాకెన్నడూ తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కరోనా రోజుల్లో నేను జ్వరంతో మేడమీద గదిలో ఒంటరిగా ఉండగా, కింద అమ్మ వయసు మీద పడి, నిద్రలోనే పోయింది. బంధువులందరూ ఫోన్లో బాగానే ఏడ్చారు గానీ గేటు దాకా ఒక్కరూ రాలేదు. దిక్కుతోచక మా ఆవిడ పెద్ద హమాలీకి కబురు చేసింది. అరగంటలో నలుగురూ వచ్చారు. పాడె కట్టారు. కొరివి కూడా నువ్వే పెట్టాలి అన్నా, అని మా ఆవిడ అతని ముందు చేతులు జోడించింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. అంతకన్నా చేయగలిగిందేమీ లేదు.

దారి మధ్యలో పాడె దించి, పోయినవాళ్ల చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి కదా. అక్కడి నుంచి పెద్ద హమాలీ నాకు ఫోన్ చేశాడు.

"ఫోను అమ్మ చెవికాడ పెడుతున్న సేటూ, పిలువుండ్రి."

నోరు తెరిచాను. దగ్గు తెర కమ్ముకొచ్చింది, ఆపైన ఏడుపు. ఎంత గింజుకున్నా మాట పెగల్లేదు. కాసేపు చూసి అతనే పిలిచాడు. "అమ్మా... అమ్మా... అమ్మా." బజారులో బస్తాల దగ్గర అరిచి అరిచి బొంగురుపోయిన ఆ గొంతు మూడోసారికి వణికింది.

అమ్మ పోయిన తొమ్మిదో రోజు నేను గది బయటికి వచ్చేసరికి దుకాణంలో మిగతా ముగ్గురే ఉన్నారు. వాళ్లను అడిగి, సంతోష్‌నగర్ వెనక బస్తీలో అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఒకటే గది. గుండు చేయించుకుని చాప మీద కూర్చున్నాడు. రెక్కాడితే గాని పొయ్యి వెలగని మనిషి తొమ్మిది రోజులుగా పనిలోకి పోలేదు.

"గిదేందన్నా?" అన్నాను. అతన్ని అన్నా అనడం అదే మొదటిసారి.

"నోటితోని అమ్మా అన్న, కొరివి పెట్టిన. పది దినాలు మైల పట్టకుంటె ఎట్ల సేటూ?" అన్నాడు. నేనేదో అనబోతుంటే చేయి అడ్డం పెట్టాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. రేపు పిండం మీరే పెట్టుండ్రి. కొడుకు మీరే గద. నేను పక్కకు నిలవడ్త."

మర్నాడు అలాగే పక్కకు నిలబడ్డాడు, తల వంచుకుని. ఏళ్లు గడుస్తూనే ఉన్నాయి గానీ, అమ్మ చెవి దగ్గర ఫోనుంటే నేను నోరు పెగలక కూర్చున్న ఆ ఒక్క నిమిషం మాత్రం నాకింకా గడవలేదు.