సున్నంతో గీసిన గోడలు

మొన్న ఆదివారం మా ఫ్లాటు చూడడానికి ఒక కొత్త జంట వచ్చింది. లిఫ్టు లేని మెట్లు నా మోకాళ్ళకూ మా వారి మోకాళ్ళకూ పడక, చెంగిచెర్లలో కింది అంతస్తు ఇల్లొకటి చూసుకుని, నాచారంలోని ఈ రెండో అంతస్తు ఇంటిని అమ్మకానికి పెట్టాం. బ్రోకరు తన ప్రకటనలో ఆధునిక శైలి అపార్ట్‌మెంటు, ఉమ్మడి తోటలు అని ఘనంగానే రాశాడు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి కిందికి చూసి, "ఈ గార్డెన్‌లో మన వాటా ఎంతవరకు ఆంటీ?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. నలభై ఏళ్ళ కిందట ఇదే ప్రశ్న మీద ఈ నేల మీదే పెద్ద రభస జరిగింది. ఆ రభసలోనే నాకీ ఇల్లు దొరికింది.

నేనప్పుడు ట్రేసర్ని. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు గనుక మా ఈడు వాళ్ళకు తప్ప ఆ మాట తెలియదు. ఆర్కిటెక్టు పెన్సిలుతో వేసిన ప్లానును పల్చటి ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో ఎక్కించడం మా పని. చెయ్యి తడబడితే బ్లేడుతో గీకి మళ్ళీ గీయాలి. ఎండాకాలంలో ఫ్యాను వేస్తే కాగితాలు లేచిపోతాయి, ఆపితే చెమట చుక్క పడి ఇంకు అలుక్కుపోతుంది, అందుకని మణికట్టుకు జేబురుమాలు చుట్టుకుని కూర్చునేదాన్ని. జనగామ వైపు నుంచి వచ్చి, అంబర్‌పేటలో అక్కాబావల రెండు గదుల ఇంట్లో ఉంటూ, రోజూ బస్సులో రామంతాపూర్ మీదుగా హబ్సిగూడ ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది తలుపు వెనక ఒక కొక్కెం, మంచం కింద ఒక ట్రంకుపెట్టె. పగలంతా ఎవరెవరి పడకగదులకో కొలతలు వేసి, సాయంత్రం వంటింట్లో చాప పరుచుకునేదాన్ని. ఇరవై ఆరేళ్ళ వయసులో అదేమంత కష్టంగా తోచలేదు గానీ, గీసే ప్రతి ప్లానులోనూ ఒక కిటికీని మనసులో నాదిగా అనుకునే అలవాటు మాత్రం ఉండేది.

అలాంటి రోజుల్లో రైల్వే ఉద్యోగులూ, లాబొరేటరీల వాళ్ళూ, ఇక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళూ పద్దెనిమిది కుటుంబాలు సొసైటీగా చేరి, బండరాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప మరేమీ లేని ఈ స్థలం కొని మా ఆఫీసుకు వచ్చారు. మా ఆర్కిటెక్టు గారు మాట తక్కువ మనిషి. ఆర్చీలు, స్తంభాలకు పువ్వులు ఆయనకు గిట్టవు. గోడంత కిటికీలతో, గాలాడే సిమెంటు జాలీలతో, రంగు వేయని నున్నటి కాంక్రీటుతో మూడు బ్లాకులు వేసి, వాటి నడుమ అందరికీ కలిపి ఒకే తోట పెట్టారు. సభ్యులు చూసి గోదాములా ఉందన్నారు. కొన్నాళ్ళకు గోదాముతోనైతే సరిపెట్టుకున్నారు గానీ, తోట దగ్గర ఆగిపోయారు. నేల అందరిదీ అయినప్పుడు పంచాల్సిందే, ఎవరి ముక్కకు వాళ్ళకు గోడ కట్టాల్సిందే అన్నారు. ఆర్కిటెక్టు గారు ఎంత చెప్పినా వినకపోయేసరికి, వాళ్ళు అడిగినట్టే గీయమని కాగితం నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. దారులు పోగా ఒక్కో వాటా వెడల్పు నాలుగున్నర అడుగులు వచ్చింది. ఆ పద్దెనిమిది ముక్కలూ మనసొప్పకుండానే గీశాను.

ఆ తర్వాతి ఆదివారం స్థలం మీద షామియానా వేసి మీటింగు పెట్టారు. నకళ్ళు తీసే అమ్మోనియా వాసన ఇంకా వదలని ప్రింట్లు చంకన పెట్టుకుని నేనూ వెళ్ళాను. ప్రెసిడెంటు గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన రిటైర్డు రైల్వే ఇంజనీరు. ప్రింటు పరిచి, అందరూ చేతులెత్తితే పని మొదలుపెడదాం అన్నారు. ఆయన భార్య, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నా పక్కకు జరిగి, తన ముక్కలో ఉయ్యాల పడుతుందా అని మెల్లగా అడిగింది. కాగితం మీద చూపిస్తే ఆమెకు అర్థం కాలేదు. పునాదులు గుర్తు పెట్టడానికి మేస్త్రి తెచ్చిన సున్నం సంచీ అక్కడే కనిపించింది. నాకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"జర ఇట్ల రాండ్రి అమ్మా, నేల మీదనే గీసి సూపిస్త," అన్నాను.

మేస్త్రి టేపు పట్టాడు, నేను సున్నం పోశాను. నాలుగైదు గోడలు గీసేసరికి మీటింగు వదిలి అందరూ చుట్టూ మూగారు. ప్రెసిడెంటు గారి భార్య తన వాటాలో నిలబడి రెండు చేతులూ చాపింది. ఒక చెయ్యి ఇటు పక్క గీత దాటింది, రెండోది అటు పక్క నిలబడ్డ ఆవిడ భుజానికి తగిలింది.

"ఏవండీ, ఇది తోటా, రైలు బెర్తా?" అంది భర్త వైపు తిరిగి.

ముందు ఆమే నవ్వింది, తర్వాత అందరూ. వాటాల కోసం అందరికంటే గట్టిగా అరిచిన సైంటిస్టు గారు తన ముక్కలోకి స్కూటరు దింపి, తిప్పుకోలేక వెనక్కి నెట్టుకుంటూ బయటికి వచ్చారు. ప్రెసిడెంటు గారు ప్రింటు మడిచి నా చేతికిచ్చేసి గోడలు వద్దన్నారు. ఆ సాయంత్రం ఆర్కిటెక్టు గారు ఉప్పల్లో ఆగి నాకు మిరపకాయ బజ్జీలు, చాయ్ ఇప్పించారు. మా ఆఫీసులో అంతకు మించిన మెచ్చుకోలు ఎవరికీ దక్కలేదు.

తర్వాత నెలలోనే ఒక సభ్యుడికి బదిలీ అయి, ప్రెసిడెంటు గారికి ఎదురుగా కట్టబోయే ఫ్లాటు ఖాళీ పడింది. ఆయన భార్య నన్ను పిలిపించి, నువ్వే తీసుకో అంది. నెలనెలా కట్టుకుంటే నా జీతానికి అందేదే, కానీ లోనుకు బావ జమానతు, అంటే పూచీ సంతకం కావాలి.

"లగ్గం జేస్కో ముందుగాల. ఇల్లు గిల్లు నీ మొగడు జూస్కుంటడు. ఆడపిల్లవు ఒక్కదానివి గంత దూరం పోయి ఉంటవా?" అన్నాడు బావ.

ఆయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మా అక్క, కూర కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే అంది, "నా పేరు మీద ఈ ఇంట్ల ఒక చెంబు గూడ లేదు. దాని పేరు మీద ఇల్లుంటే నేను పోయి నాల్గు దినాలు కూసుంట. సంతకం పెట్టు."

నాలుగో రోజు పొద్దున బావ స్నానం చేసి వచ్చి, పెన్ను ఏది అని అడిగాడు.

సొసైటీ కమిటీలోనూ అదే పేచీ వచ్చింది. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా ఉంటే రేపు ఏ మాటైనా వస్తే ఎవరిది పూచీ అన్నారు. ప్రెసిడెంటు గారి భార్య పిలవకుండానే మీటింగుకు వచ్చి, "ఆ అమ్మాయే లేకపోతే మీరంతా బెర్తుల్లో పడుకునేవాళ్ళు. ఉండేది మా ఎదురింట్లో. ఏ మాటైనా వస్తే నాకు చెప్పండి," అంది. కమిటీ ఫ్లాటు నా పేర రాసింది.

గృహప్రవేశం నాటికి తోటలో మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. అయినా ఆ ఏడు బతుకమ్మ అక్కడే ఆడాం. చెంగిచెర్ల దారిలో తంగేడు, గునుగు కోసుకొచ్చి నేనూ అక్కా పేరుస్తుంటే, కోస్తా వైపు ఆడవాళ్ళు ముందు కుర్చీలు వేసుకుని చూశారు, తర్వాత కుర్చీలు వెనక్కి జరిపారు, చీకటి పడేలోపు అందరూ వలయంలో ఉన్నారు. ప్రెసిడెంటు గారి భార్య పాట మాటలు తప్పు పాడుతూనే అందరికంటే గొంతెత్తి పాడింది. బావ మరుసటి వేసవి నుంచి సెలవు దొరికితే చాలు ఇక్కడికే వచ్చి, చాప వేసుకుని పడుకుని, దారిన పోయేవాళ్ళకు ఇది మా మరదలి తోట అని చెప్పేవాడు. నా పెళ్ళిచూపులూ ఆ తోటలోనే జరిగాయి. మా వారు ఒక సూట్‌కేసుతో నా ఇంటికి కాపురానికొచ్చారు. స్నేహితులు ఇల్లరికం అని ఆట పట్టిస్తే, అవును, తోటతో సహా అని ఆయనే నవ్వేవారు.

ఆనాటి పద్దెనిమిది కుటుంబాల్లో ఇప్పుడు నాలుగు మిగిలాం. తోటకు వారానికి రెండుసార్లు ఏజెన్సీ మనిషి వచ్చి చక్కగా కత్తిరించి వెళతాడు, ఎవరి చేతికీ మట్టి అంటదు. ఇల్లు కొనేవాళ్ళు వంటగది, కిటికీ, బాత్రూము అన్నీ ఫోనులోనే చూసుకుని వస్తున్నారు. ఎదురింట్లో ఎవరుంటారో తాళాలు చేతికొచ్చాక గానీ తెలియదు, ఒక్కోసారి అప్పుడూ తెలియదు. మాకు అంతా తలకిందులుగా జరిగింది. తలుపులు బిగించకముందే ఎవరికి కోపమెక్కువో, ఎవరి నవ్వు పెద్దదో, ఎవరి పిల్లాడికి వంకాయ పడదో మాకు తెలిసిపోయింది. ఇళ్ళు ఆ తర్వాత వచ్చాయి. ఇరుగుపొరుగును ముందు సంపాదించుకుని, ఆ పైన ఇంట్లోకి దిగే కాలం మళ్ళీ వస్తుందని నేను అనుకోను గానీ, అది ఉన్నప్పుడు నేనూ ఉన్నానన్న సంతోషం మాత్రం ఈ మెట్లు దిగిపోయాక కూడా నాతోనే వస్తుంది.