మాటముచ్చట నాడు నా పళ్ల సెట్టు

ఇంగ్లిషు లెక్చరరుగా పనిచేసినంత కాలం, ఏడాది మొదటి క్లాసులో బోర్డు మీద ఒకే ఒక్క మాట రాసేవాణ్ణి. సెట్. "దీనికెన్ని అర్థాలున్నయో చెప్పుండ్రి" అని చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి.

పిల్లలు కాసేపు బెరుకుగా చూసి, తర్వాత అందుకునేవారు. బావి దగ్గర మోటర్ సెట్. ఇంట్లో టీవీ సెట్. పరీక్షలో పక్కవాడికి సెట్ ఏ, మనకు సెట్ బీ వచ్చింది కాబట్టి చూసి రాయడం కుదరలేదు. స్లాబ్ పోశాక నీళ్లు పట్టి సెట్ కానివ్వాలి. అక్కకు సంబంధం సెట్ అయింది గానీ పట్నం నీళ్లు సెట్ కాలేదు. వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు "మా అన్న ఒక పిల్లను సెట్ చేసుకున్నడు సార్" అనేవాడు, క్లాసంతా గొల్లుమనేది. నేను గంభీరంగా సుద్దముక్క అందుకుని, సూర్యుడు అస్తమించడం దగ్గర్నుంచి టెన్నిస్ ఆట దాకా లాక్కుపోయి, ఈ ఒక్క మాటకు నిఘంటువులో పేజీలకు పేజీలున్నాయని ముగించేవాణ్ణి. పిల్లలు నోళ్లు తెరిచేవారు. ఆ తెరిచిన నోళ్లు చూసుకోవడానికే నేను ఆ పాఠం చెప్పేవాణ్ణి, ఇంగ్లిషు మీద ప్రేమతో కాదు.

అన్ని అర్థాలు చెప్పినవాడికి ఒక్కటి మాత్రం ఎన్నడూ తట్టలేదు. రిటైరయ్యాక పైపళ్లు ఒక్కొక్కటే నా దగ్గర సెలవు తీసుకున్నాయి. మా మహబూబాబాద్‌లో, అదే మానుకోటలో, పళ్ల డాక్టరు ఒక చిన్న డబ్బా మూత తీసి, "మీ సెట్ రెడీ అయింది సార్" అన్నాడు. లోపల గులాబీరంగు చిగుళ్లతో సహా ఒక పూర్తి నవ్వు నన్ను చూసి నవ్వుతోంది. నా సొంత నవ్వు ఎన్నడూ అంత బాగా లేదు. "కొన్ని వారాలు మెత్తటియే తినుండ్రి. ముందుపళ్లతోని గట్టియి కొరకద్దు" అని డాక్టరు చెప్పాడు. ఎదురుగా అద్దం ఉండటం వల్ల ఆ మాట నేను సరిగా వినలేదు.

సరిగ్గా ఆ వారంలోనే జనగామలో మా చెల్లెలింట్లో మాటముచ్చట పడింది. పిల్ల, పిల్లగాడు ఒకరినొకరు చూసుకుని సరే అన్నాక, రెండువైపుల పెద్దలూ కూర్చుని పెళ్లి సంగతులు ఖాయం చేసుకునే రోజది. మా బావ నెమ్మది మనిషి, అవుననాల్సినచోటా కాదనాల్సినచోటా ఒకేలా తల ఊపుతాడు. కాబట్టి పిల్ల తరఫున మాట్లాడాల్సింది మేనమామనైన నేను. పైగా ఆ సంబంధం తెచ్చింది కూడా నేనే. పిల్లగాడి తండ్రికి మహబూబాబాద్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మా ఇంట్లో గిన్నెలన్నీ అక్కడివే. నేను పోతే ఆయన లేచి కుర్చీ వేస్తాడు, చాయ్ తెప్పిస్తాడు, "సార్ వచ్చిండు" అని నలుగురికీ వినిపించేట్టు అంటాడు. ఆ కుర్చీ అంటే నాకు చాలా ఇష్టం.

మా మేనకోడలు భూపాలపల్లి సర్కారు దవాఖానలో నర్సు. ఆ ఉద్యోగం కోసం పెళ్లిళ్లకు పోలేదు, పండుగలకు నవ్వలేదు, చదివిందే చదివి రాసిందే రాసి తెచ్చుకుంది. పిల్లగాడి తల్లికి మాత్రం కోడలు దుకాణంలో గల్లా దగ్గర కూర్చోవాలని ఉంది. ఆ సంగతి తెలిసి మేనకోడలు నాకు ఫోన్ చేసింది.

"మామా, నువ్వు ఒక్కటే మాట చెప్పాలె. నేను నౌకరి ఇడిసిపెట్ట. ముందుగాల గదే చెప్పు. ఇంకేం చెప్పకున్నా మంచిదే."

"నాకిడిసిపెట్టు బిడ్డా" అన్నాను. చివరి వాక్యాన్ని నేను పట్టించుకోలేదు. ఏమీ చెప్పకుండా ఉండమని నన్నెవరైనా అడిగితే అది వాళ్ల మొహమాటం అనుకుంటాను.

ఉపన్యాసం తయారుచేశాను. సంబంధం, సంస్కారం, సంసారం, సంతోషం. కొత్త పళ్లతో అద్దం ముందు నిలబడి చదివితే 'స' ఉన్నచోటల్లా ఈల వచ్చింది. వంటింట్లోంచి మా ఆవిడ, "గాలి యాడికెల్లి పోతున్నదో జర చూడుండ్రి" అంది. ఇక ఉద్యోగం సంగతికి వచ్చేసరికి నా కళ్ల ముందు దుకాణంలోని ఆ కుర్చీ కదిలింది. 'పిల్ల ఉద్యోగం మానదు' అంటే మొరటుగా ఉంటుందనిపించింది. అందుకని 'ఉద్యోగం విషయం తర్వాత నిదానంగా చూసుకుందాం, అన్నీ అవే సెట్ అవుతాయి' అని రాసుకున్నాను. రెండువైపులా ఎవరికీ నొప్పి తగలని వాక్యమని మురిసిపోయాను. పెద్దరికమంటే ఇదే అనుకున్నాను. ముందురోజు సాయంత్రం మా చెల్లెలికి ఫోన్ చేసి ఉపన్యాసం మొత్తం, ఈలలతో సహా, వినిపించాను కూడా. "మంచిగున్నది అన్నా" అంది. గొంతు కొంచెం తేడాగా ఉంది గానీ, ఫోను సిగ్నల్ అనుకున్నాను.

పొద్దున్నే రైలెక్కి జనగామలో దిగాను. పిల్లగాడివాళ్లు కారులో వచ్చారు, తల్లి, తండ్రి, పిల్లగాడు. మగవాళ్లం ముందుగదిలో కూర్చున్నాం. పిల్లగాడి తల్లిని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. మా చెల్లెలు సకినాలు చేసింది. నువ్వులు, వాము దట్టంగా వేసి, చుట్టు మీద చుట్టు తిప్పి, నూనెలో కరకరలాడేదాకా కాల్చిన సకినాలు. పళ్లెం నా ముందుకొచ్చింది. నేను వద్దన్నట్టు చేయి ఊపాను.

"ఏంది సార్, మీరు తింటలేరు? పళ్లు మంచిగలేవా?" అన్నాడు పిల్లగాడి తండ్రి నవ్వుతూ. పాపం, ఊరికే అన్నాడు.

ఆ ఒక్క మాటకు నాకు రోషం పొడుచుకొచ్చింది. అన్నిటికంటే పెద్ద సకినం తీసుకుని, అందరూ చూసేలా, ముందుపళ్లతో కొరికాను.

టప్పుమని చప్పుడైంది. సకినం విరిగిందనే అందరూ అనుకున్నారు. విరిగింది నిజమే, కానీ నా పైపళ్లు మొత్తం దానితోపాటే ఊడివచ్చాయి. దస్తీ అడ్డం పెట్టుకుని, దగ్గినట్టు నటించి, సకినాన్నీ నవ్వునూ కలిపి దస్తీలో మూటగట్టి జేబులో వేసుకున్నాను. కడుక్కుని పెట్టుకుందామంటే నల్లా దగ్గరికి పిల్లగాడి తల్లిని దాటుకుని పోవాలి. ముచ్చట మొదలయ్యే వేళకు పెద్దమనిషి లేచిపోతే ఆమె ఏమనుకుంటుంది? కదలకుండా కూర్చుని మూతి బిగించాను.

"ఇగ చెప్పుండ్రి సార్. మీదిక్కు మాటేంది?" అన్నాడాయన.

అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. జీవితమంతా నేను కోరుకున్నది అదే. మా బావ వైపు చూశాను. ఆయన తల ఊపాడు.

అప్పుడే మేనకోడలు మంచినీళ్లు తెచ్చింది. నాకు గ్లాసందిస్తూ నా ముఖం చూసింది. లోపలికి పోయిన పెదవినీ, ఉబ్బిన చొక్కా జేబునూ చూసింది. నర్సు కదా, రోజూ చూసే ముఖాలే. పళ్లెం స్టూలు మీద పెట్టి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది. మాటముచ్చటలో పెళ్లికూతురు నోరు విప్పడం మా ఇళ్లల్లో నేనెన్నడూ చూడలేదు.

"మా మామ చెప్పాల్సిన మాట ఒకటున్నది. నేనే చెప్త" అంది. "నేను నౌకరి ఇడిసిపెట్ట. మానుకోట దిక్కు ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంట. అది అయ్యేదాక భూపాలపల్లిలనే ఉంట, సెలవులకు వస్తుంట. ఇది మీకు నచ్చకపోతే ఇప్పుడే చెప్పుండ్రి, నేనేం అనుకోను."

పిల్లగాడి తల్లి కొంగు సర్దుకుంది. "మరి గల్లా ఎవలు చూసుకుంటరు బిడ్డా?"

"మనిషిని పెట్టుకుందామమ్మా" అన్నాడు పిల్లగాడు. అప్పటిదాకా వాడు నేల చూపులు చూస్తున్నాడు. "గామెకు ఆ పనంటే పానం. నాకు తెల్వదా?"

ఆమె కొడుకును చూసింది, పిల్లను చూసింది. నేను గ్లాసులో నీళ్లను చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆమె, "కురవి వీరభద్రస్వామికి మొక్కున్నది. పెండ్లైనంక పోవాలె. అప్పుడన్నా సెలవిస్తరా?" అని అడిగింది.

"ఇస్తరు అత్తమ్మా" అనేసింది మా పిల్ల. అత్తమ్మా అన్న పిలుపు వినగానే లోపలి గదిలో మా చెల్లెలు నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది.

మిగతా సంగతులన్నీ నేను తల ఊపుతుండగానే ఖాయమైపోయాయి. మా బావకు ఇన్నాళ్లకు ఒక తోడు దొరికింది. పోతూ పోతూ పిల్లగాడి తండ్రి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "సార్, మీ అసొంటి పెద్దమనిషిని చూడలే. ఇంకొకలైతే పిల్లను మాట్లాడనిస్తరా? మీరు నోరు మూసుకుని కూసున్నరు సూడుండ్రి, గది పెద్దరికం." నేను మూతి విప్పకుండా వినయంగా తల వంచాను. నాకు ఇంతవరకూ జరిగిన సన్మానాలన్నిటిలోనూ అదే గొప్పది, అందులో నా ప్రతిభ ఏమీ లేదు.

కారు సందు మలుపు తిరగగానే మేనకోడలు గిన్నెలో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇగ పెట్టుకో మామా. మాట అయిపోయింది."

పళ్లు కడుక్కుంటుంటే నాకు నిజంగా సిగ్గేసింది. అవి ఊడకపోయి ఉంటే నేనేం అనేవాణ్ణో నాకు తెలుసు. నిదానంగా చూసుకుందాం అనేవాణ్ణి, ఆ పిల్ల ఉద్యోగం నిదానంగానే పోయేది. పళ్లు పెట్టుకుని, "బిడ్డా, నేను చెప్దామనుకున్నది ఏందంటే" అని మొదలుపెట్టాను.

"తెలుసు మామా. నిన్న అమ్మకు ఫోన్‌ల వినిపించినవ్ గద. నేను పక్కనే ఉన్న, స్పీకర్ల విన్న. అప్పుడే అనుకున్న, నేనే చెప్పాలె అని."

"మరి నన్నెందుకు రమ్మన్నవ్? వద్దంటే అయిపోవు గద."

ఆమె గిన్నెలోని నీళ్లు పెరట్లో పారబోసి వచ్చి, నా పక్కన కూర్చుంది.

"నువ్వు మేనమామవు. నువ్వు ముందట కూసుంటేనే నాకు ధైర్నం వస్తది. నిన్ను కూసోమన్న మామా, ఉపన్యాసం చెప్పుమని ఎవలన్నరు?"

పళ్లన్నీ నోట్లోనే ఉన్నాయి. అయినా మా బావలాగే తల ఊపాను.