దొరువు దారి కేసు

మొన్న చర్చి వాళ్ళతో యెరూషలేము యాత్రకు వెళ్దామని పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడుతుంటే, మనవరాలు ఫారంలోని ప్రశ్నలన్నీ చకచకా చదువుతూ, మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నడిచిందా అన్నచోట నన్నడక్కుండానే లేదని నింపబోయింది. ఒకటి నడిచిందమ్మా, కొట్టేశారు అన్నాను. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాయనమ్మ మీద కేసేమిటని అది కళ్ళు పెద్దవి చేసుకుంటే, నాకు సిగ్గుకు బదులు గర్వమే కలిగింది.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. గూడూరుకు తూర్పున సముద్రం ఒడ్డు పల్లె మాది. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే, ఇసకదిబ్బల అవతలున్న దొరువులో తప్ప. దొరువంటే ఇసకలో తవ్వుకున్న నీటి గుంట, మా తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఏడు టౌనులో ఉండే ఒక ఆసామి ఉప్పు పండించడానికని ఊరికీ దొరువుకీ మధ్య నేలంతా కౌలుకు తీసుకుని, మా దారితో సహా ముళ్ళకంచె వేయించాడు. ఆడవాళ్ళందరూ రెండు మైళ్ళు చుట్టు తిరిగి నీళ్ళు మోసుకొస్తుండేవాళ్ళు. ఇంట్లో మా వదిన పచ్చి బాలింత. కుండలో నీళ్ళు అయిపోయిన ఒక పొద్దున నేను కడవతో కంచె కింద దూరి పాత దారినే పోయాను. తిరిగొస్తుంటే కావలివాడు పట్టుకున్నాడు. వారం తిరక్కుండా అక్రమ ప్రవేశమని కోర్టు నుంచి సమన్లు వచ్చాయి.

అప్పటికే నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చివుంది. శిక్ష పడితే జైలు తప్పినా సర్కారు ఉద్యోగం మాత్రం మరిచిపోవలసిందేనని ప్లీడరు గారు చెప్పేసరికి నాన్న నీరుగారిపోయారు. అక్కడ దారంటూ ఎన్నడూ లేదని, తప్పయిపోయిందని రాసిస్తే కేసు వదులుకుంటానని ఆసామి కబురు పెట్టాడు. నాన్న ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. చదువురాని మా అమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది.

“దారే లేదంటే, మీ అవ్వ ఇన్నేళ్ళు గాల్లో నడిచిందా?” అన్నది.

నేను సంతకం పెట్టలేదు.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ప్రతిసారీ అమ్మ నాతోబాటు బస్సెక్కి, కోర్టు వరండాలో చద్దిమూట విప్పి నాకు తినిపించేది. ఈలోగా సీటు గడువు దాటిపోయింది. ఆ రోజొక్కటే నేను ఏడ్చాను. చివరికి మేజిస్ట్రేటు గారు, లోపలికి పోయిన మాట నిజమేనా అని నన్నే నేరుగా అడిగారు.

“పోయినానయ్యా. నీళ్ళు అక్కడే ఉండాయి,” అన్నాను.

పరాయి మగవాళ్ళ ముందు గొంతెత్తని అమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు బోనెక్కి, తాము కాపురానికొచ్చిన నాటినుంచీ ఆ దారినే నీళ్ళు మోశామని సాక్ష్యం చెప్పారు. దాహానికి నీళ్ళు తెచ్చుకోవడానికి పోవడంలో నేరం చేసే ఉద్దేశం లేదని మేజిస్ట్రేటు గారు కేసు కొట్టేశారు. ఆ తర్వాత ఆసామి కంచెలో కడవతో మనిషి పట్టేంత సందు వదిలాడు. మరుసటేడు నాకు మళ్ళీ సీటు వచ్చింది.

ఆ ఉప్పు మడులు, మా వైపు కయ్యలంటాం, ఇప్పుడు రొయ్యల గుంటలయ్యాయి, దొరువు నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పగా మారాయి. ఊళ్ళోకి తాగే నీళ్ళు ఆటోలో క్యాన్లలో వస్తాయి. పోయిన వేసవిలో అటు వెళ్తే, ఆ దిబ్బల మీదుగా ఒకప్పుడు దారి ఉండేదని అక్కడి కోడళ్ళెవరికీ తెలియదు. వాళ్ళను కూర్చోబెట్టి చెప్పాలనిపించింది కానీ, క్యాన్ల ఆటో హారన్ వినబడి అందరూ లేచి వెళ్ళిపోయారు.