ఖలాస్ అన్నాను

పేరుకి నాకు దుబాయ్ దగ్గర అజ్మాన్‌లో గది ఉండేది కానీ కాపురమంతా కంపెనీ వ్యానులోనే. లాప్‌టాప్, మీటరు, కేబుళ్లు, ఒక జత బట్టలు, ఆవకాయ సీసా. పొద్దున ఒక ఫ్యాక్టరీ, మధ్యాహ్నం ఇంకోటి. వాటంతట అవే నడవాల్సిన మెషిన్లు మొరాయిస్తే వెళ్లి నడిపించడం నా ఉద్యోగం. మెషిను ఆగి ఉన్నంతసేపూ టెక్నీషియన్‌కి రాజమర్యాదలు జరుగుతాయి. నడిచాక మన మొహం ఎవరికీ గుర్తుండదు. ఆ మర్యాద రుచి మరిగే కాబోలు, నేను ఏదైనా చిటికెలో బాగుచేసేవాణ్ణి. ఆ తొందరనే పనితనం అనుకునేవాణ్ణి.

కరోనా తగ్గుముఖం పట్టి, మాస్కులు గడ్డం కిందికి జారిన రోజులవి. అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లోని ఒక మంచినీళ్ల సీసాల ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. అట్టపెట్టెలను ఎత్తి పేర్చే రోబో ఆగిపోయింది. దాని చుట్టూ ఇనుప జాలీ, ఆ జాలీకి ఒక తలుపు. ఎవరైనా తలుపు తీస్తే రోబో ఠక్కున ఆగాలి. అందుకోసం తలుపు దగ్గర చిన్న స్విచ్చి ఉంటుంది. చెడిపోయింది ఆ స్విచ్చే. తలుపు మూసి ఉన్నా తెరిచి ఉందనుకుని రోబో కదలడం లేదు. కొత్త స్విచ్చి కోసం మా స్టోర్‌కి ఫోన్ చేస్తే, సరుకు ఓడల్లో ఇరుక్కుంది, వారం పడుతుందన్నారు.

"బయట లారీలు నిలబడున్నాయి. ఏదో ఒకటి చెయ్యి, యల్లా, తొందరగా!" అని ముదీర్ హిందీలో గదిమాడు. అక్కడి మేనేజరుని అందరూ అలాగే పిలుస్తారు.

ఏదో ఒకటి చేశాను. ప్యానెల్ తెరిచి, బెత్తెడు పసుపు వైరుతో ఆ స్విచ్చిని తప్పించేశాను. ఇక తలుపు తీసినా రోబోకి తెలియదు. మాలో చాలామంది చేసే పనే ఇది. కాగితం మీద మాత్రం ఎవరూ రాయరు. నేనూ "సమస్య పరిష్కారమైంది" అని రాసి సంతకం పెట్టాను.

ఆ రోబోని నడిపేది కడప వైపు మనిషి, నా ఈడువాడే. నేను వెళ్లినప్పుడల్లా తెలుగు మాట్లాడొచ్చని సంబరపడుతూ సులేమానీ చాయ్ తెచ్చేవాడు.

"ఖలాసా అన్నా?" అని అడిగాడు.

"ఖలాస్ భాయ్," అన్నాను, సామాను సర్దుకుంటూ.

గల్ఫ్‌లో ఆ మాటని దేనికైనా వాడతాం. నా పని అయిపోయిందని నేనన్నాను. మెషిను బాగైపోయిందని అతను విన్నాడు. వైరు సంగతి చెప్పడానికి అర నిమిషం పట్టేది. కానీ అప్పటికే ఇంకో ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు.

నాలుగో రోజు ఒక పెట్టె వంకరగా పడింది. దాన్ని సరిచేద్దామని అతను తలుపు తీసి చెయ్యి లోపలికి పెట్టాడు. రోబో ఆగలేదు. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

నేను వెళ్లేసరికి ముదీర్ అంతా తేల్చేశాడు. స్టాప్ నొక్కకుండా చెయ్యి పెట్టాడు కాబట్టి తప్పు ఆపరేటరుదే, ఆస్పత్రి నుంచి రాగానే వీసా రద్దు చేసి పంపేస్తామన్నాడు. మెషినులో లోపం లేదని నేను రాసిస్తే సరిపోతుందట. ప్యానెల్ తెరిచాను. పసుపు వైరు పెట్టినచోటే ఉంది. పీకి జేబులో వేసుకున్నాను. ఆలోచించి చేశానని కూడా చెప్పలేను, భయంతో చేశాను. రిపోర్టు సాయంత్రం ఇస్తానని చెప్పి ఆస్పత్రికి వెళ్లాను.

"నాదే తప్పన్నా," అన్నాడు నన్ను చూడగానే. "స్టాపు నొక్కకుండానే చెయ్యి పెడ్తి. తలుపు తీస్తే నిలబడతాది లే అనుకుంటి. నువ్వు గూడా ఖలాస్ అంటివి గదా." మళ్లీ అతనే, "నా వల్ల నీకేమన్నా మాటొచ్చెనా?" అని అడిగాడు.

వైరు తీసి దుప్పటి మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కట్టు కట్టిన చేతిని కదపకుండా, ఎడమ చేత్తో వైరుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముదీర్‌కి చెప్పినావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తాండావు?"

వైరు తీసుకుని తిన్నగా ఐకాడ్ వెళ్లి ముదీర్ బల్ల మీద పెట్టాను. "జేబులో పెట్టుకో, ఇద్దరికీ మంచిది," అన్నాడు. స్విచ్చిని తప్పించింది నేనేనని, ఆపరేటరుకి చెప్పలేదని రిపోర్టులో రాశాను. మా కంపెనీ ఆ వారమే నన్ను తీసేసింది. అతని వీసా రద్దు కాలేదు. గేటు దగ్గర డ్యూటీ ఇచ్చారు.

కొత్త ఉద్యోగం దొరికాక అతనికి ఫోన్ చేశాను. ఎలా ఉన్నావంటే బాగుండానన్నాడు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నానన్నాడు. నేను మళ్లీ ఆ రోజు సంగతి ఎత్తబోయాను.

"ఖలాస్ అన్నా," అన్నాడు మెల్లగా. "ఇంక ఫోన్ చేయాకు."