యలహంకలో ఇవ్వని పెళ్ళిపత్రిక

ఇది ముందే రాయాల్సింది. అప్పట్లో నాకు అక్షరాలు వచ్చేవి కావు. అరవై దాటాక మేడమీది టీచరమ్మ పలక కొనిచ్చి తెలుగు అక్షరాలు నేర్పింది.

మా ఆయన బెంగళూరు లీగు మ్యాచుల్లో వికెట్ కీపరు. కుడిచేతి రెండు వేళ్ళు వంకర. అన్నం కలిపేటప్పుడు అవి రెండూ ఎడంగా నిలిచేవి. ఒక ఏడాది ఉన్నట్టుండి గ్లవుసులు అటకెక్కించి అంపైరు పరీక్షకు చదివాడు. ఎందుకని అడిగితే, "మోకాళ్ళు నొప్పులే" అన్నాడు. తెల్లకోటుకు గంజి పెట్టేది నేనే. జేబులో ఆరు చింతగింజలుండేవి, ఓవరులో బంతులు లెక్కపెట్టడానికి.

స్నేహితుడొకడు నా ముందే ఎగతాళి చేశాడు: "నీ మొగుడు కీపర్లకు సవతితల్లి అయినాడమ్మా. వాళ్ళు గొంతు చించుకున్నా ఔటని వేలెత్తడు!"

ఆయన నవ్వలేదు.

మా అమ్మాయి పెళ్ళికి పత్రికలు పంచుతున్నప్పుడు, కవరు అంటించిన ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇది యలహంకలో ఆయప్పకు ఇయ్యి."

ఆయప్ప ఒకప్పుడు ఎదుటి జట్టు బ్యాట్స్‌మన్, తెలుగు మనిషే. అక్కడ సైకిల్ అంగడి పెట్టుకున్నాడు. ఎక్కడ ఎదురుపడినా మమ్మల్ని చూసి ముఖం తిప్పుకునేవాడు. ఎందుకో నాకు తెలియదు.

"మూతి తిప్పే మనిషికి పిలుపేమప్పా? నువ్వే పో."

"నాకు కాళ్ళు రావే. పోయి రా."

పోయాను. అంగట్లోంచి నన్ను చూసి మళ్ళీ ముఖం తిప్పాడు. రోషమొచ్చింది. పత్రిక సంచిలోంచి తీయకుండానే తిరిగొచ్చాను.

"ఇచ్చినావా?"

"ఇస్తిని."

పెళ్ళిలో ఆయన వాకిలి వదల్లేదు. తాళి వేళకు పిలిస్తేగానీ లోపలికి రాలేదు.

"రాలేదు కదే" అన్నాడు సాయంత్రం.

"రాకుంటే పోనీ" అన్నాను. రెండేళ్ళకు ఆయన పోయాడు.

మొన్న పెట్టె సర్దుతుంటే ఆ కవరు దొరికింది. చింపాను. అచ్చులో మా అమ్మాయి పేరు కూడబలుక్కుని మురిసిపోయాను. లోపల ఇంకో కాగితం ఉంది. మాట తెలుగు, అక్షరాలు కన్నడం. ఆయన చదివింది కన్నడ బడిలో. రెండు లిపులూ దగ్గరివే కాబట్టి, తలకట్టుల దగ్గర తడబడుతూ మధ్యాహ్నమంతా చదివాను.

"ఆ పొద్దు బంతి నేలకు తగిలినాకే నా చేతికి వచ్చె. తెలిసీ క్యాచని అరిస్తిని. అంపైరు నిన్ను ఔట్ ఇచ్చె. ఆ పొద్దు నువ్వు నిలిచుంటే నీకు ఆఫీసు టీములో ఉద్యోగం వచ్చుండేది. అప్పటినుంచి నేను గ్లవుసు తొడగలేదు. నన్ను మన్నిస్తే పెళ్ళికి రా. రాకుంటే మన్నించలేదని తెలుసుకుంటా."

నాకు చదువు రాదనే ధైర్యంతోనే ఆయన దాన్ని నా చేతికిచ్చి ఉంటాడు. ఇచ్చానని అబద్ధమాడింది మాత్రం అక్షరాలు రాక కాదు. ఆ వాకిట్లో ఆయన నిలబడిన నిలుపు ఇప్పుడు కళ్ళముందు నుంచి పోవడం లేదు.

మరునాడు పొద్దున్నే యలహంక బస్సెక్కాను. ఆయప్ప అంగడి తలుపులు తీస్తున్నాడు. తల నెరిసింది. పత్రిక మూలల్లో పసుపు ఇంకా ఉంది. ఆ కాగితం లోపలే పెట్టి, రెండు చేతులా పట్టుకుని ఇచ్చాను.

"మా ఇంటాయన ఎప్పుడో ఇమ్మన్నాడప్పా. నేనే ఇయ్యలేదు" అన్నాను.