గుడియాత్తం దాటి, అడవి మలుపు దాకా

మా బావ అరవై దాటాక సైకిలు పట్టాడు. ఉద్యోగం అయిపోయింది, వినికిడి తగ్గింది. నలుగురిలో కూర్చుంటే ఎవరేమన్నారో తెలియక ఊరికే నవ్వాల్సి వస్తోందని, సైకిలు మీదైతే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని అనేవాడు. చెవికి మిషను ఉంది. తొక్కేటప్పుడు గాలికి హోరెత్తుతుందని దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. అందుకే గుడియాత్తం నుంచి పలమనేరుకు, కౌండిన్య ఏనుగుల అభయారణ్యం అంచున పోయే రోడ్డు చూసొద్దామని ఆయన బయల్దేరినప్పుడు, మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆయన్ను నీ కంటి ముందు నుంచి పోనీయొద్దురా" అంది. ఆయన కంటే నేను పన్నెండేళ్ళు చిన్న. ఎక్కుడు రోడ్డు మీద మాత్రం ఆయనలో సగం.

తిరుపతి నుంచి కాట్పాడికి పొద్దుటి రైలు. సైకిళ్ళను ముందురోజే పార్శిలు ఆఫీసులో రాయించుకోవాలి, లేకపోతే ఎక్కించనివ్వరు. ఎదురు సీట్లో వేలూరు ఆసుపత్రికి పోతున్న ఒక పెద్దావిడ మా హెల్మెట్లు చూసి, "సైకిలు తొక్కేదానికి రైలెక్కి పోతారా నాయనా?" అంది. బావ నవ్వాడు. విని నవ్వాడో, వినక నవ్వాడో నాకు తెలియలేదు.

కాట్పాడిలో ఇడ్లీలు తిని, కె.వి. కుప్పం మీదుగా గుడియాత్తం దారి పట్టాం. పెద్ద హైవే కంటే ఇదే నయం. లారీలు తక్కువ, రోడ్డు పక్కన కొబ్బరి తోటలు, పెద్ద ఎక్కుడు లేదు. ఎండ ముదిరే లోపల గుడియాత్తం చేరాం. బస్టాండు దగ్గర లాడ్జిలో గది దొరికింది. సైకిళ్ళు పైకి తీసుకెళ్ళనివ్వలేదు, మెట్ల కింద తాళం వేసుకోమన్నారు. వెళ్ళేవాళ్ళు మంచి గొలుసు వెంట తీసుకెళ్ళండి.

సాయంత్రం వీధుల్లో తిరిగాం. ఇంటింటా మగ్గం చప్పుడు. టీకొట్టు దగ్గర ఒక మనిషి నా సంచి మీద తెలుగు అక్షరాలు చూసి, "ఇదేం రాత సార్?" అన్నాడు. తెలుగంటే ఆశ్చర్యపోయాడు. పేరు మునిరత్నం, నేతపని. నోరు తెరిస్తే మా చిత్తూరు తెలుగే, ఒక్క అక్షరం మాత్రం చదవలేడు. పలమనేరు దారి గురించి అడిగితే టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"రేపు నేనూ ఆ దావనే పోతాండానప్పా, మా ఇంటామెతో, బండి మీద లుంగీల మూటలు ఏసుకోని, అమ్మేదానికి. ఏనుగులు ఈ పక్కకు దిగినాయంట. తెల్లారకముందే పోవద్దండి. బాగా పొద్దెక్కనీండి."

ఆ మాట బావకు గట్టిగా చెప్పాను. మంచిదే అన్నాడు కానీ, చల్లటి పూట పోతుందని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

మర్నాడు ఎండ బాగా వచ్చాకే కదిలాం. ఊరు దాటి కాసేపు చేలు, తర్వాత రోడ్డు అడవి వైపు తిరిగింది. చెక్‌పోస్టు దగ్గర కాపలా మనిషి అరవంలో, "తనియా పోగాదీంగ" అన్నాడు. విడివిడిగా పోవద్దని. ఇద్దరం కలిసే పోతామని నేనే చెప్పాను.

ఎక్కుడు మొదలైంది. రోడ్డు బాగుంది, కానీ ఎదురుగా వచ్చే బండ్లు లేవు. ఇంత పొద్దెక్కినా పక్షి కూత లేదు. ఒకచోట వెదురు విరిచి రోడ్డు మీద పారేసి ఉంది, విరిగిన చోట ఇంకా పచ్చిగా తడిగా ఉంది. దానికి కొంచెం ముందు ఏనుగు పేడ. అక్కడే నా చైను జారిపోయింది. "బావా, ఆగు!" అన్నాను. ఆయన ఆగలేదు. మిషను జేబులో ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. వంగి చైను తగిలించుకునే లోపల ఆయన వంపు తిరిగి కనపడకుండా పోయాడు.

తొందరలో చైను ఇంకా బిగుసుకుంది. చేతులన్నీ నల్లటి జిడ్డు. కింది నుంచి మోపెడు చప్పుడు వినపడి తలెత్తాను. మునిరత్నం, వెనక ఆయన భార్య కస్తూరి, మధ్యలో లుంగీల మూటలు. ఆగి, "పెద్దాయన యాడ?" అన్నాడు.

కస్తూరికే ముందు కనపడ్డాడు. ఆమె చెయ్యి పైకి చూపింది. లోయకు అవతల, పై మలుపులో, పిట్టగోడ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. నా కోసమే ఆగాడు. ఆ పిట్టగోడ కింద వాలులో పొదలు కదులుతున్నాయి. ముందు ఒక బూడిదరంగు వీపు, తర్వాత ఇంకొకటి, వాటి మధ్య చిన్నది. నేరుగా ఆయన కూర్చున్న చోటికి ఎక్కుతున్నాయి.

అరవబోయాను. మునిరత్నం నా నోరు మూసేశాడు.

"అరవద్దు నాయనా! పిల్ల ఉండాది దాంతో. మన మీదికి తిరుగుతాది."

"ఆయనకు ఎటూ వినపడదు" అన్నాను. ఫోను తీశాను. సిగ్నలు లేదు.

కస్తూరి మోపెడు దిగింది. మూట ముడి విప్పి, ఎర్రటి గుడ్డ ఒకటి లాగి దులిపి రెండు చేతులతో తల మీదికి ఎత్తింది. "ఏమే, వద్దే!" అన్నాడు మునిరత్నం. ఆమె వినలేదు. రోడ్డు అంచుకు పోయి నిలబడి, చప్పుడు లేకుండా గుడ్డను ఇటూ అటూ ఊపసాగింది. ఏనుగుల వీపులు మా వైపే ఉన్నాయి. ఒక్కటి తిరిగినా చాలు.

బావ చూశాడు. చూసి, సంతోషంగా మాకు చెయ్యి ఊపాడు.

నేనూ అంచుకు పరిగెత్తి, మొహం ముందు చెయ్యి వేలాడేసి తొండంలా ఆడించి, ఆయన కిందికి వేలు చూపించాను. ఆయన చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపని నాకనిపించింది. తర్వాత తల మెల్లగా వంచి గోడ కిందికి చూశాడు.

పరిగెత్తలేదు. సైకిలు ముట్టుకోలేదు. గోడ దిగి, వంగి, రోడ్డు దాటి కొండ వైపు రాళ్ళ సందులోకి పోయాడు. అంతే, ఆయన తెల్లచొక్కా కనపడటం మానేసింది. మొదటి ఏనుగు గోడ తెగిన చోట రోడ్డెక్కింది. సైకిలును వాసన చూసింది. కాలితో పక్కకు జరిపింది, ఇనుము కీచుమన్న శబ్దం మా దాకా వచ్చింది. కస్తూరి గుడ్డ దించి నోటికి అడ్డం పెట్టుకుంది. "కడవులే, కడవులే" అని దేవుణ్ణి పిలుస్తోంది. నేను ఆ రాళ్ళనే చూస్తున్నాను. ఇంకేమీ చూడలేదు. చెట్లు విరిగే చప్పుడు కొండ మీదికి పోతూ పోతూ ఆగిపోయే దాకా ముగ్గురం కదల్లేదు.

కస్తూరిని మూటల దగ్గర ఉంచి, మునిరత్నం నన్ను మోపెడు మీద ఎక్కించుకుని పైకి తీసుకెళ్ళాడు. బావ రాళ్ళ మధ్య చతికిలబడి ఉన్నాడు, మోచెయ్యి గీరుకుపోయింది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. నేను తిట్టాలనుకున్నాను. ఆయన భుజం పట్టుకుని ఏడ్చాను. ఆయన జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకోబోయాడు, కుదరలేదు. నేను పెట్టాను.

"ఒక చెయ్యి దూరంలో పోయిందిరా" అన్నాడు. "దాని ఊపిరి నా మొహానికి తగిలింది."

పలమనేరు చూడలేదు. సైకిలు ముందు చక్రం ఎనిమిదంకెలా వంగింది. పైనుంచి వచ్చిన కూరగాయల వ్యాను ఆపి మునిరత్నం మమ్మల్నీ బావ సైకిలునూ ఎక్కించాడు. దారిలో కస్తూరి దగ్గర ఆపించి, నా సైకిలు ఎక్కించుకుని, కృతజ్ఞతలు చెప్పబోతే ఆమె మట్టి అంటిన గుడ్డను మడత పెడుతూ, "పోండప్పా, ఇంట్లో ఆడోళ్ళు ఎదురు చూస్తా ఉంటారు" అంది. వ్యాను పళ్ళికొండ దాకా పోయింది. అక్కడ హైవే పక్కన హోటల్లో సాంబారన్నం పెట్టించుకున్నాం. బావ రెండు ముద్దలు తిని విస్తరి మూసేశాడు. ఆటోలో కాట్పాడి, అక్కడ పార్శిలు ఆఫీసులో సైకిళ్ళను మర్నాటి బండికి రాయించి, మేం సాయంత్రం రైలెక్కాం.

ఆ దారి మంచిదే. వెళ్ళేవాళ్ళను వెళ్ళొద్దనను. పొద్దెక్కాక వెళ్ళండి, చెక్‌పోస్టులో అడగండి, తోడున్న మనిషిని ఒక్క వంపు కూడా ముందుకు పోనీయకండి. రోడ్డు పక్కన అడవి ఉందని అనుకుంటూ వెళ్ళాం. రోడ్డే అడవిలో ఉంది. ఏనుగులు వాటి దారిన పోతుంటే మేం మధ్యలో కూర్చున్నాం.

రైలు కదిలాక అక్కకు ఫోను చేశాను. ఏమీ దాచలేదు. అంతా విని అక్క, "ఆ పిల్ల ఏనుగు రోడ్డు దాటిందా?" అంది.

నాకు తెలియదు. నేను రాళ్ళనే చూశాను కదా. ఫోను బావ చెవికి ఆనించాను.

"దాటింది సుశీలా" అన్నాడు బావ. "కొండ ఎక్కలేక రెండుసార్లు జారింది. తల్లి వెనక నుంచి నెట్టి ఎక్కించింది. నేను చూసినాను."